పేరు చెప్పండి

ఆ వార్డులో ఎవరికి నొప్పేసినా "అమ్మా" అనే అంటారు. పళ్లూడిపోయిన ముసలమ్మలూ అంటారు, ముగ్గురు పిల్లల్ని కన్నవాళ్లూ అంటారు. అందుకే మొదటిరోజు నేను వార్డు గుమ్మంలో నిలబడి "అమ్మా" అని పిలిస్తే మా అమ్మ తిరిగి చూడలేదు. అవతలి చివర ఎవరికో సెలైన్ గొట్టం సర్దుతోంది. రెండోసారి ఇంకాస్త గట్టిగా పిలిచాను. అప్పుడూ చూడలేదు.

"ఎందుకే గొంతు చించుకుంటావు?" అంది స్ట్రెచర్ మీద పడుకున్న అమ్మమ్మ. "దానికి చెవుడు లేదు. నొప్పి లేని అరుపు దానికి వినపడదంతే."

కోపంతో అన్నమాటే గాని, అది నిజమని నాకు తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం అమ్మ నన్ను పక్కకి పిలిచి, "వార్డులో నన్ను సిస్టర్ అని పిలువు. అమ్మా అంటే ఎవరికో బాధనుకుంటాను," అని చెప్పింది. సరేనన్నాను. అప్పటిదాకా ఏడాదికి రెండుమూడు సార్లు తను ఊరికొచ్చినప్పుడు మాత్రమే అమ్మా అని పిలిచేదాన్ని. ఇప్పుడు అదీ పోయింది.

ఆ ఏడు వానలు మొదలవగానే అమ్మమ్మ పెరట్లో నాచు మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. నేను చిన్నప్పట్నుంచీ ఊళ్లో అమ్మమ్మ దగ్గరే ఉండి చదువుకున్నాను. నాన్న లేడు. అమ్మ పట్నంలో ఈ ఆసుపత్రిలో నర్సు. అమ్మమ్మని అక్కడికే తీసుకొచ్చి ఆపరేషన్ చేశారు. ఒక్కో మంచానికీ ఇంటి మనిషి ఒకరు తోడుండాలి. అలా ఆ వానాకాలమంతా బడి మాని నేను అమ్మమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

అమ్మమ్మకీ అమ్మకీ సరిగా మాటల్లేవు. తాతయ్య పోయినరోజు అమ్మ డ్యూటీలో ఉంది. కబురందినా, తన తర్వాతి మనిషి వచ్చేదాకా వార్డు వదిలి కదల్లేదు. అమ్మ ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. అప్పట్నుంచి అమ్మమ్మ ఏం చెప్పాలన్నా నాకు చెప్పినట్టో, గోడకి చెప్పినట్టో అంటుంది. "ఆ నర్సుకి చెప్పవే, దిండు కింద దించమని," అంటుంది, ఆ నర్సు దిండు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉండగానే.

అమ్మ కూడా తక్కువది కాదు. వార్డులో అందరితో ఎలా మాట్లాడుతుందో కన్నతల్లితోనూ అలాగే మాట్లాడేది. "ఇప్పుడు మిమ్మల్ని ఎడమపక్కకి తిప్పుతున్నాను. కాళ్ల మధ్య దిండు పెడతాను. కాస్త నొప్పేస్తుంది, నా చెయ్యి గట్టిగా పట్టుకోండి."

"మీరట! మీరు!" అనేది అమ్మమ్మ, గోడవైపు చూసి. కానీ చెయ్యి మాత్రం గట్టిగానే పట్టుకునేది.

అమ్మ పనిచేస్తుంటే చూడ్డం తప్ప నాకు వేరే పని లేదు. ఎవరిని ముట్టుకోవాలన్నా ముందు తన అరచేతులు రుద్దుకుని వెచ్చబరచుకునేది. ఏం చెయ్యబోతోందో చెప్పకుండా ఏదీ చేసేది కాదు. స్పృహలేని మనిషికి కూడా "తడిగుడ్డ వేస్తున్నానమ్మా, చల్లగా ఉంటుంది," అని చెప్పే వేసేది. రెండు గంటలకొకసారి మనిషిని పక్కకి తిప్పి, వీపూ నడుమూ మడమలూ వెతికినట్టు చూసేది. ఎర్రగా కందిన చోటేదైనా కనిపిస్తే, అక్కడ బరువు పడకుండా దిండ్లు మార్చేది. దుప్పటి ఎక్కడా చిన్న ముడత కూడా ఉండనిచ్చేది కాదు. ఆ ముడతే రెండు రోజులకి పుండవుతుందట. మంచం నాలుగు మూలలా దుప్పటిని కవరు అంటించినట్టు మడిచి పరుపు కిందకి తోసేది.

"మీ అమ్మ పక్క వేస్తే దోమ కూడా కాలుజారి పడుతుంది," అనేది పెద్ద సిస్టర్. ఆమె ఆ వార్డుకి హెడ్ నర్సు. లావుపాటి మనిషి, నవ్వితే బల్ల మీది మందుల సీసాలు కూడా కదిలేవి.

అన్నిటికన్నా పెద్ద తగువు మాత్రల దగ్గర వచ్చేది. మందిచ్చే ముందు అమ్మ ప్రతి మనిషినీ పేరడిగేది. రోజూ అడిగేది, పూటపూటకీ అడిగేది. మంచం దగ్గర రాసున్నా, చేతికి పట్టీ ఉన్నా, వాళ్ల నోటితో వాళ్లు చెప్పాల్సిందే. ఆ లెక్కలో అమ్మమ్మ దగ్గరికీ వచ్చి, పళ్లెం పట్టుకుని, "పేరు చెప్పండి," అంది.

అమ్మమ్మ తల ఎత్తి చూసింది. "విన్నావుటే? తనకి పేరు పెట్టిందాన్ని పట్టుకుని పేరడుగుతోంది!"

"పేరు చెప్పండి."

"చెప్పను. పెట్టిన పేరు వెనక్కి తీసుకుంటాను, ఇచ్చెయ్యమను."

పక్క మంచం ఆవిడ కుట్లు పట్టుకుని నవ్వింది. అమ్మ నవ్వలేదు. చేతి పట్టీ చూసుకుని మాత్ర చేతిలో పెట్టింది. మర్నాడు పొద్దున మళ్లీ అదే మాట. అమ్మమ్మ ఒక్కోపూటా ఒక్కో జవాబిచ్చేది. "దాని మేనత్తకి వదినని" అని ఒకసారి, "ఈ ఊరి రాణిని" అని ఒకసారి. వార్డంతా ఆ వేళకోసం ఎదురుచూసేది. అమ్మ మాత్రం మొహంలో ఏ మార్పూ లేకుండా పట్టీ చూసి, మాత్రలిచ్చి, పక్క మంచానికి వెళ్లేది.

డ్యూటీ దిగాక అమ్మా నేనూ క్వార్టర్స్‌లో గదికి వెళ్లేవాళ్లం. రాత్రి తోడుకి ఆయా ఉండేది. గది రెండో అంతస్తులో. ఒక మంచం, ఒక స్టవ్వు, తలుపు వెనక మేకుకి వేలాడే తెల్ల బట్టలు. వార్డులో అన్ని మాటలు చెప్పే మనిషి గదిలోకి రాగానే నోటికి తాళం వేసుకునేది. బట్టలు ఉతుక్కునేది, ఆరేసుకునేది, గోడకి ఆనుకుని కళ్లు మూసుకునేది. వాన జల్లు కొడితే లేచి కిటికీ రెక్క ఠపీమని వేసేది. నేను ప్రతిసారీ ఉలిక్కిపడేదాన్ని. ముసలమ్మలకి సూది గుచ్చేముందు చెబుతుంది, నాకు కిటికీ వేసేముందు చెప్పదే అనుకునేదాన్ని. పైకి అనలేదు. నాకు అసలే మాట పెగలదు. మా అమ్మమ్మ నన్ను మూగిమొద్దు అనేది.

ఒక్కసారి మాత్రం అమ్మ నాతో ఎక్కువసేపు మాట్లాడింది. "అందరి చెయ్యీ అంతసేపు పట్టుకుంటావెందుకు? నాడి చూడ్డానికి అంతసేపు పడుతుందా?" అని అడిగాను.

"నాడి అయిపోయాక ఊపిరి లెక్కపెడతాను," అంది. "లెక్కపెడుతున్నానని తెలిస్తే ఎవరూ మామూలుగా ఊపిరి తియ్యరు. నిన్ను చూడూ, ఇప్పుడు ఎలా తీస్తున్నావో. అందుకే చెయ్యి అలాగే పట్టుకుని, నాడి చూస్తున్నట్టే ఉండి, గుండె మీద దుప్పటి లేవడం పడడం చూడాలి. ఆ నిమిషం ఎవరేం మాట్లాడినా చెవిలో వేసుకోకూడదు. మాట వింటే లెక్క పోతుంది."

నేను ఆ మాటలు చాలా రోజులు తలుచుకున్నాను. అవి ఊపిరి గురించే అయినా, నాతో చెప్పినవి కదా.

ఆపరేషనైన వారానికి మామయ్య వచ్చాడు. మామయ్య అమ్మకి అన్న, ఇంకో ఊళ్లో లారీల షెడ్డులో మెకానిక్కు. గొడుగు మంచం కింద పెట్టి, గొంతు తగ్గించి మాట్లాడాననుకున్నాడు గాని, వార్డు మొత్తానికి వినబడింది.

"అమ్మ ఇక ఊళ్లో ఒంటరిగా ఉండలేదు. డిశ్చార్జ్ అయ్యాక నేను తీసుకెళ్తా. మా ఇంట్లో ఇంకొకరికి చోటు లేదు గనక, పిల్లని హాస్టల్లో వేద్దాం."

అమ్మ సెలైన్ చుక్కలు చూస్తూ, "ఇద్దరూ నా దగ్గరుంటారు," అంది.

అంతకుముందు ఎప్పుడూ ఆ మాట నాకు తోచలేదు. ముగ్గురం ఒక గదిలో! నేను కింద చాప మీద పడుకుంటాను, వాళ్లిద్దరికీ మంచం.

అమ్మమ్మ గోడతో అంది. "ఆ గదిలోనా? నాకు తాళం వేసి డ్యూటీకి పోతుంది. కన్నతండ్రి పోతుంటే రాని మనిషి, నేను పిలిస్తే వస్తుందా?"

చుక్కలు సరిగానే పడుతున్నాయి. అయినా అమ్మ చాలాసేపు వాటినే చూసింది. మామయ్య గొడుగు తీసుకుని, "తర్వాత చూద్దాంలే," అని వెళ్లిపోయాడు.

ఆ రోజునుంచి నేను ఒక్కదానికోసమే కాచుకుని కూర్చున్నాను. అమ్మమ్మ అమ్మతో ఒక్క మంచిమాట అంటే చాలు. అది చాలు, మిగతా నేను చూసుకుంటాను. అమ్మమ్మ చల్లబడిన వేళ చూసి, కాళ్లు పడుతూ, బతిమాలుకుంటాను. లేకపోతే హాస్టల్. అక్కడ నలభైమంది తెలియని పిల్లల మధ్య నా గొంతు ఎలా ఉంటుందో నేనే మర్చిపోతాను.

వాన తెరిపివ్వని ఒకరోజు అమ్మమ్మ పొద్దున్నుంచీ నెమ్మదిగా ఉంది. జావ చల్లారిపోయిందని తిట్టలేదు. రెండు చెంచాలు తాగి చాలంది. ఊడ్చే మనిషి మంచానికి చీపురు తగిలిస్తే ఏమీ అనలేదు. పక్క మంచం ఆవిడ, "ఏంటి పెద్దమ్మా, ఇవాళ మౌనవ్రతమా?" అంటే చిన్నగా నవ్వింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. చల్లబడింది అనుకున్నాను. ఇవాళే అడుగుతాను అనుకున్నాను.

మధ్యాహ్నం అమ్మ పళ్లెం పట్టుకుని వచ్చింది. వార్డంతా చెవులు రిక్కించింది.

"పేరు చెప్పండి."

అమ్మమ్మ తన పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా, బడిలో హాజరు పలికే పిల్లలాగా.

ఎవరో, "అమ్మయ్య, పెద్దమ్మ దారికొచ్చింది!" అని నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మ చేతిలోని పళ్లెం ఒక్కక్షణం గాల్లో ఆగింది. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టి, అరచేతులు రుద్దుకుని, అమ్మమ్మ మణికట్టు పట్టుకుంది.

అమ్మమ్మ అమ్మ మొహంలోకి చూసింది. గోడవైపు కాదు, నిజంగా మొహంలోకే చూసింది. చూసి అంది:

"మా అమ్మాయీ నర్సేనమ్మా. దాని చెయ్యి పడితే నొప్పి సగం పోతుంది. దాన్ని ఎన్నెన్ని మాటలంటానో! ఒక్కదానికీ తిరిగి జవాబు చెప్పదు పిచ్చిది."

నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. అమ్మమ్మ ఎప్పుడూ డొంకతిరుగుడుగానే మాట్లాడుతుంది కదా. తిట్టాలన్నా గోడకి చెబుతుంది. మెచ్చుకోవడం కూడా ఇలాగే, ఎవరో పరాయి మనిషికి చెప్పినట్టు చెబుతోందనుకున్నాను. అమ్మ ఏమంటుందో అని అమ్మవైపు చూశాను.

అమ్మ మొహంలో ఏమీ లేదు. కళ్లు దుప్పటి మీదున్నాయి. పెదవులు మాత్రం కొంచెంగా కదులుతున్నాయి.

మణికట్టు వదిలేసి, వెనకచేత్తో నుదురు ముట్టుకుంది. "ఇది ఏ చోటో చెప్పండి."

"మా పెద్దాడి ఇల్లు కదూ," అంది అమ్మమ్మ మర్యాదగా.

"పెద్ద సిస్టర్, డాక్టర్‌ని పిలవండి," అంది అమ్మ. గొంతు పెంచలేదు. కానీ పెద్ద సిస్టర్ కుర్చీ వెనక్కి పడేంత వేగంగా లేచింది.

అమ్మ బీపీ పట్టీ చుడుతూ నన్నడిగింది. "పొద్దున్నుంచి ఎలా ఉంది?"

"బాగానే ఉంది. జావ కొంచెమే తాగింది. ఎవర్నీ తిట్టలేదు."

"ఒక్కసారి కూడా?"

"ఊహూఁ."

"నాకు చెప్పలేదేం?"

కోపంగా అడగలేదు. అందుకే నాకు ఇప్పటికీ ఆ మాట గుచ్చుకుంటుంది. తిట్టకపోవడం కూడా చెప్పాల్సిన సంగతని నాకేం తెలుసు?

డాక్టర్ పరుగున వచ్చాడు. కొత్తగా చేరిన కుర్రాడు. అమ్మ మంచం కాళ్లవైపు నిలబడి పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "నిన్నటికన్నా ఊపిరి బాగా వేగంగా ఉంది. బీపీ తగ్గింది. మూత్రం తక్కువ, చిక్కగా ఉంది. మనిషిని గుర్తుపట్టడం లేదు."

"జ్వరం?"

"ఇంకా లేదు. ఈ వయసువాళ్లకి ఒళ్లు కాలకముందే మాట మారుతుంది."

"అవును," అన్నాడు డాక్టర్, అప్పటికే చేతులకి తొడుగులు వేసుకుంటూ. "ఇన్ఫెక్షన్ లోపలికి పాకినట్టుంది. రక్తం తీసి పంపండి, మందు వెంటనే మొదలెడదాం. ఈవిడ తాలూకు ఎవరున్నారు?"

అమ్మ సూది సిద్ధం చేస్తూనే తలతో నన్ను చూపించింది. "ఆ అమ్మాయి. మనవరాలు."

తర్వాత అమ్మమ్మ చెవి దగ్గర వంగి, "ఇప్పుడు సూది గుచ్చుతున్నాను. చీమ కుట్టినట్టుంటుంది," అని చెప్పింది.

చీకటి పడేసరికి అమ్మమ్మ ఒళ్లు పెనంలా కాలిపోయింది. ఆమె మంచాన్ని నర్సుల బల్ల దగ్గరికి మార్చారు. ఆ నాలుగైదు రోజులూ నాకు ఒకదానిలో ఒకటి కలిసిపోయి గుర్తున్నాయి. తడిగుడ్డలు, కొత్త కొత్త సీసాలు, కిటికీ మీద వాన చప్పుడు. అమ్మ డ్యూటీ దిగాక గదికి వెళ్లలేదు. తెల్లబట్టలు మార్చుకుని మామూలు చీర కట్టుకుని, నా స్టూలు పక్కన ఇంకో స్టూలు వేసుకుని కూర్చునేది. కూర్చున్న రెండు నిమిషాలకే లేచి గొట్టం సర్దేది, దుప్పటి మూల లాగేది.

"డ్యూటీ దిగావుగా తల్లీ, చుట్టంలా కూర్చో," అంది పెద్ద సిస్టర్.

"చుట్టాలు ఎలా కూర్చుంటారో మర్చిపోయాను సిస్టర్," అంది అమ్మ.

నేను పక్కకి జరిగి చోటిచ్చాను. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం నాకు బాగా వచ్చు. అలా ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. అమ్మ చేతికి డెట్టాల్ వాసన. ఆ చెయ్యి నా చేతికి బెత్తెడు దూరంలోనే ఉంది. అది జరగలేదు, నేనూ జరపలేదు.

జ్వరం దిగిన రెండోరోజు పొద్దున అమ్మ తెల్లబట్టల్లో పళ్లెం పట్టుకుని వచ్చింది.

"పేరు చెప్పండి."

అమ్మమ్మ కళ్లు తెరిచి పైకి చూసింది. నేను స్టూలు అంచు పట్టుకున్నాను.

"ఎన్నిసార్లే చెప్పాలి?" అంది అమ్మమ్మ. గొంతు పీలగా ఉంది గాని, పొగరు అలాగే ఉంది. "పేరు పెట్టిందాన్ని పట్టుకుని పేరడుగుతుంది రోజూ! దాని తలలో ఏముందో కాస్త చూడమనవే డాక్టర్‌ని."

"వచ్చేసింది! పెద్దమ్మ వచ్చేసింది!" అని చప్పట్లు కొట్టింది పెద్ద సిస్టర్. అందరూ నవ్వారు. అమ్మ పట్టీ చూసి, మాత్రలిచ్చి, మింగేదాకా ఆగి, చేతులు కడుక్కోడానికి వెళ్లింది. మామూలుకన్నా చాలాసేపు కడుక్కుంది. నీళ్ల చప్పుడు వార్డు చివరిదాకా వినపడింది.

ఆ మధ్యాహ్నం ధైర్యం చేసి అమ్మమ్మకి చెప్పాను, ఆ రోజు తను ఏమందో.

"నేనా? అలా అన్నానా?" అంది. "జ్వరంలో సవాలక్ష అంటారు." కాసేపు సీలింగు ఫ్యాను చూసింది. "అది విందా?"

"పక్కనే ఉంది కదా."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. డాక్టర్‌ని పిలవమంది."

అమ్మమ్మ ముక్కుతో నవ్వింది. "దాని బుద్ధి ఎక్కడికి పోతుంది!" అంది. కొంతసేపయ్యాక, గోడవైపు తిరిగి, "పిలిచింది గనకే ఇవాళ తిడుతున్నాను," అంది.

ఇదే సమయమని, "మనం అమ్మ దగ్గరే ఉందాం అమ్మమ్మా," అన్నాను. అమ్మమ్మ కాదనలేదు. అవుననీ అనలేదు. నాకు అదే చాలా పెద్దదనిపించింది.

కానీ డిశ్చార్జ్ రోజు మామయ్య వచ్చినప్పుడు, కాదన్నది అమ్మే.

"మా గది రెండో అంతస్తు. కొన్ని నెలల దాకా మెట్లెక్కించకూడదు. మీ ఇంటికి మెట్లు లేవు. అన్నయ్యా, నువ్వే తీసుకెళ్లు." ఇది చెబుతున్నప్పుడు కూడా ఆమె వాకర్ ఎత్తు సరిచేస్తోంది. "బాత్రూంలో తడి ఉంచొద్దు. కూర్చునే పీట ఎత్తుగా ఉండాలి. ఎప్పుడైనా ఎవర్నీ తిట్టకుండా మర్యాదగా మాట్లాడిందంటే ఆసుపత్రికి తీసుకెళ్లు, ఆలస్యం చెయ్యొద్దు."

మామయ్య నవ్వబోయి, అమ్మ మొహం చూసి మానేశాడు. "మరి పిల్ల సంగతి?"

అమ్మ నావైపు చూసింది. అమ్మమ్మే అందుకుంది.

"పిల్ల దాని దగ్గరుంటుంది. హాస్టలూ లేదు, గీస్టలూ లేదు. గోడలతో కాపురం నా వల్ల కాదు గాని, ఈ మూగిమొద్దుకి అలవాటే."

చక్రాల కుర్చీ తెచ్చారు. వార్డు మనిషి చేతులు చాచి లేపబోతే అమ్మమ్మ అతని చెయ్యి నెట్టేసింది. "నువ్వొద్దు నాయనా. ఆ నర్సుని రమ్మనవే," అంది నాతో.

అమ్మ వచ్చింది. అరచేతులు రుద్దుకుంది. రెండు చేతులూ అమ్మమ్మ నడుం చుట్టూ వేసి, మొహం మొహానికి దగ్గరగా పెట్టి, "లేపుతున్నానమ్మా. నన్ను పట్టుకో," అంది.

అమ్మమ్మ పట్టుకుంది. మీరూ లేదు, గోడా లేదు. కుర్చీలో కూర్చున్నాక కూడా కాసేపు వదల్లేదు.

వ్యాను వెళ్లిపోయాక మళ్లీ వార్డులోకి వచ్చాం. ఖాళీ మంచానికి అమ్మ కొత్త దుప్పటి తెచ్చింది. అవతలి మూల నేను పట్టుకున్నాను. ఇన్నాళ్లూ చూసీ చూసీ ఆ మడత నాకూ వచ్చేసింది. అమ్మ నా మూల చూసింది, మళ్లీ సర్దలేదు. అప్పటికే ఇంకో ముసలమ్మని స్ట్రెచర్ మీద తీసుకొస్తున్నారు. "అమ్మా, అమ్మా" అంటోందామె. అమ్మ అటు తిరిగింది.

సాయంత్రం గదిలో ఇద్దరమే ఉన్నాం. వాన ఇంకా పట్టలేదు గాని మబ్బు కమ్మింది. అమ్మ ఉతికిన తెల్లబట్టలు మేకుకి తగిలించి, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఆ రోజు మీ అమ్మమ్మ ఏదో అంది. నేను చెయ్యి పట్టుకున్నప్పుడు. నువ్వు విన్నావా?"

"విన్నాను."

"నేను ఊపిరి లెక్కపెడుతున్నాను." తడి బట్టకి లేని ముడతని సాగదీసింది. "ఏమందో సరిగ్గా వినలేదు. చెప్పు."

ఎప్పుడూ పెగలని నా గొంతు ఆ రోజు పెగిలింది. అమ్మమ్మ ఎలా అందో అలాగే, ఆ సాగదీతతో, ఆ మర్యాదతో, ఒక్క మాట పోకుండా చెప్పాను. దాని చెయ్యి పడితే నొప్పి సగం పోతుంది. దాన్ని ఎన్నెన్ని మాటలంటానో. ఒక్కదానికీ తిరిగి జవాబు చెప్పదు పిచ్చిది.

అమ్మ బట్టలవైపు తిరిగే ఉంది. ఆమె వీపు లేవడం, పడడం చూశాను. లెక్కపెట్టలేదు.

బయట చినుకులు మొదలయ్యాయి. జల్లు గదిలోకి కొట్టింది. అమ్మ కిటికీ దగ్గరికి వెళ్లి, రెక్క మీద చెయ్యి వేసి, ఆగి, నావైపు చూసింది.

"కిటికీ వేస్తున్నాను," అంది. "చప్పుడవుతుంది."